లిఫ్టు ఆగిన రోజున ఇచ్చిన ధ్రువపత్రం

పరిశోధనశాలలోని పరికరాలను పరీక్షించే ఆ పెద్దమనిషిని అందరూ రొద మాస్టారనేవారు. నాడుల నుండి వెలువడే అతిసూక్ష్మమైన విద్యుత్ సంకేతాలను గీతలుగా నమోదు చేసే యంత్రాలలో అనవసరపు విద్యుత్ రొద ఎంత కలుస్తున్నదో కొలిచి, ధ్రువపత్రం వ్రాయడం ఆయన పని. ముప్పదియొక్క సంవత్సరాలలో ఆయన సంతకాన్ని శంకించినవారు లేరు.

పదవీ విరమణకు నెల ఉందనగా, నాలుగవ అంతస్తులోని యంత్రానికి రెండేళ్లకొకసారి జరిగే పరీక్ష వచ్చింది. దానితో పనిచేస్తున్న పరిశోధకురాలు ఆయన అన్నగారి కూతురే. ఏ సంకేతమూ లోనికి పోకుండా మాస్టారు తీగల కొసలు రెండూ కలిపి ముడివేశారు. తిన్నగా సాగుతున్న గీత ఉన్నట్టుండి చిన్న అలగా లేచింది.

“బాబాయ్, ముడి సరిగ్గా వేశారా?”

“చిన్నప్పుడు నీ జడ కూడా ఇంత గట్టిగా వెయ్యలేదే!”

మళ్లీ అల లేచింది. ఆమె నవ్వు ఆగిపోయింది. “అది నా అల, బాబాయ్.”

నాడిలో కనుగొన్నానని నమ్మి, ఆమె వ్యాసం వ్రాసి ప్రకటించిన అల అదే.

మాస్టారు నడవలోనికి వెళ్లి లిఫ్టును పైకి పంపారు. అల లేచింది. లిఫ్టు ఆగగానే అణగింది. ఆరుసార్లు అలాగే జరిగింది. పాత నోటుపుస్తకం తెరిస్తే, రెండేళ్ల క్రితం ఆ యంత్రానికి జరిగిన మొదటి పరీక్షనాటి పుటలో ఆయన దస్తూరీయే ఉన్నది: ‘లిఫ్టు మరమ్మతులో ఉన్నది.’ భవనంలో సమస్తమూ నడుస్తుండగానే పరీక్షించాలన్న నియమం పెట్టినది ఆయనే. ఆనాడు ఒక్కరోజు ఆగలేకపోయారు.

“యంత్రం ఈ మధ్యే చెడిందని రాసేయండి. నా పాత రికార్డులు బతుకుతాయి, మీ పేరూ నిలబడుతుంది.”

“లేని అల కోసం ఇంకెవరో ఏళ్లతరబడి వెతుక్కోవాలా తల్లీ?”

“మీకేం, వచ్చే నెల దండ వేయించుకుని వెళ్లిపోతారు! పోయేవి నా రెండేళ్లు!”

మాస్టారు కలం తీశారు. నాటి ధ్రువపత్రం చెల్లదనీ, పొరపాటు తనదేననీ వ్రాసి సంతకం చేశారు.

కాగితం చూసి గుమాస్తా తల పట్టుకున్నాడు. “సన్మానపత్రంలో ‘పొరపాటన్నది ఎరుగరు’ అని అచ్చేయించేశాం మాస్టారూ!”

“ఆ ముక్క కొట్టేయండి. మిగతాచోట్ల బాగానే పొగిడుంటారుగా.”

అన్నగారి కూతురు మూడు రోజులు ఆయన గది వైపు రాలేదు. నాలుగవనాడు తానే వచ్చింది. “ఆదివారాలు తీసిన రికార్డులు నలభైమూడున్నాయి. అప్పుడు లిఫ్టు నడవదు. చూద్దామా?”

ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చూశారు. నలభైమూడింటిలోనూ అల లేదు.  ఆమె వ్యాసాన్ని ఉపసంహరించుకుంటూ పత్రికకు ఉత్తరం వ్రాసి, ఆయనకు చదివి వినిపించింది.

“ఏమైనా మార్చాలా బాబాయ్?”

“తేదీ వెయ్యడం మరిచావమ్మా,” అన్నారాయన.