తొమ్మిది స్కూటర్లకు లీడర్

"ఇరవయ్యేళ్లు ఇమానాల్లోనే ఉన్నానంతావు. ఒక్కసారైనా ఎక్కినావేటి?"

వీధి కుళాయి దగ్గర నలుగురి ముందూ పొరుగింటి కస్తూరమ్మ అడిగేసింది.

"ఎక్కినాను పిన్నీ. నిచ్చెన," అన్నాడు జెరోమ్.

నిజమే. రిటైరై బిర్సానగర్‌లో ఉంటున్న జెరోమ్ వాయుసేన విన్యాస దళంలో టెక్నీషియన్. రెక్కకు రెక్క ఆనించినట్టు ఎగిరే తొమ్మిది విమానాలు వెనక పొగ వదులుతాయి కదా, ఆ పొగకు డీజిల్ పోసినవాడు. దేశసేవ చేశారని ఎవరైనా చేతులు జోడించబోతే, పెట్రోలు బంకులో చేసే పనే, బట్టలు కాస్త నయం అంటాడు. అయినా ఒక్కసారి అందరికంటే ముందు తను పోవాలనీ, వెనక ఎనిమిదిమంది తనను నమ్ముకుని రావాలనీ ఉన్న కోరిక మాత్రం చావలేదు.

పోయిన జనవరిలో గణతంత్ర దినానికి ఏదైనా కొత్తగా చెయ్యమన్నారు ఆ హిందీ ఊళ్లోని తెలుగు సంఘంవాళ్లు. విమానాలు లేవు గనక స్కూటర్లు. ముందు లీడర్‌గా జెరోమ్; మిగతా ఎనిమిదీ ఒకదాని వెనక ఒకటి కొంచెం కొంచెం ఎడమకు జరుగుతూ ఏటవాలు వరుస. పైలట్లు ఎగిరే ముందు నేలమీద నడిచి సాధన చేస్తారు. వీళ్లూ రెండు వారాలు లేని హ్యాండిళ్లు పట్టుకుని మైదానంలో నడిచారు. కర్మాగారంలో క్రేన్ తోలే సూర్యం కూడా నోటితో బుర్రుమంటూ నడుస్తుంటే, చూసే ఆడవాళ్లు నవ్వు ఆపుకోలేకపోయారు.

సూత్రం ఒకటే: దారి చూడకూడదు, ముందున్నవాణ్నే చూడాలి. ఆఖరి స్కూటర్ సూరజ్‌కు అనుమానం వచ్చింది.

"ఔర్ ఆప్ కిస్‌కో దేఖేంగే, అంకుల్?"

"నాను ఎవుల్నీ సూడను. లీడరు ఎనక్కి తిరగడు."

గణతంత్ర దినాన రెండో స్కూటర్ సూర్యానికి కుక్క అడ్డొచ్చింది. ఎడమకు తిప్పాడు. వెనక ఏడుగురూ, నేర్పిన పాఠం తప్పకుండా, మధ్య దూరం చెడకుండా, టెంట్‌హౌస్ కుర్చీల్లోకి వెళ్లిపోయారు. జనం కుర్చీలు వదిలి వేదిక పక్కకు పోయి నిలబడ్డారు గనక ఎవరికీ దెబ్బ తగల్లేదు. జెరోమ్ ఒక్కడే మైదానం చుట్టి వచ్చి వేదికకు సెల్యూట్ కొట్టాడు. వెనక జనం పెట్టిన కేకలన్నీ తన కోసమే అనుకున్నాడట. నా జీవితం మొత్తానికి నేను పైలట్‌గా ఉన్నది ఆ అర నిమిషమే అంటాడు.

సాయంత్రం సూర్యం వచ్చి తప్పు తనదేననీ, సగం డబ్బు ఇస్తాననీ అన్నాడు.

"లీడరెవుడ్రా?" అన్నాడు జెరోమ్.

"నువ్వేనన్నా."

"మరి బిల్లెవుడిది?"

టెంట్‌హౌస్ ప్రేమ్‌కుమార్ చేత బిల్లు మీద 'లీడర్ జెరోమ్' అని రాయించుకున్నాడు కూడా. విరిగిన కుర్చీలు ఇరవై ఏడు, ఒక్కోటీ నాలుగు వందలు. పదమూడింటి డబ్బు పెన్షన్లోంచి కట్టాడు. ఐదు వేల ఆరు వందలు ఇంకా ఇవ్వాలి.