వేలిముద్రకు ముందు

మొన్న తెల్లవారి, నేను పనిచేసే ఊళ్లోని అవ్వ కోడలు ఫోన్ చేసింది. అందరితో పాటు తిని పడుకున్న మనిషి పొద్దున లేవలేదట. దవాఖాన మంచమెక్కి ఒకరిచేత నీళ్లు తాగించుకునే బతుకు రావద్దని అవ్వ ఎప్పుడూ అంటుండేది. ఆ కోరిక తీరిందని తెలిసి ఏడుపుకంటే ముందు నాకు నిమ్మళమనిపించింది. చెప్పడానికి సిగ్గుపడను. ఆమె వల్ల నేను ఇలా ఊపిరి పీల్చుకోవడం ఇది మొదటిసారి కాదు.

నేను పెబ్బేరు దగ్గర ఒక చిన్న ఊరికి పంచాయతీ కార్యదర్శిని. మాది గద్వాల, మగ్గాల ఇల్లు. ఉద్యోగం కొత్తలో ఊరి పెద్దలు ఎలా చెబితే అలా చేసేవాణ్ణి. అక్కడ గ్రామసభ ఎప్పుడూ సంత రోజే పెట్టేవాళ్లు. ఎడ్లు అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ పెబ్బేరులో ఉంటే, ఇక్కడ నలుగురం కూర్చుని టీ తాగి లేచేవాళ్లం. సాయంత్రం నేను రిజిస్టరూ సిరాడబ్బా పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి సంతకాలూ వేలిముద్రలూ తెచ్చేవాణ్ణి. ఊరంతా వచ్చినట్టు, ఏడాది ఖర్చంతా విని ఒప్పుకున్నట్టు కాగితం తయారయ్యేది.

ఊరి చివర కాలనీలో మొదటి ఇల్లు అవ్వది. బొంబాయి, పుణె అని ఏళ్ల తరబడి తట్ట మోసి, మోకాళ్లు అరిగాక ఇల్లు చేరిన మనిషి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు జొన్నరొట్టెలు చేస్తోంది. రెండు చేతులకూ పిండి. ముద్ర వేయమన్నాను. చెయ్యి కడుక్కునేలోపు అందులో ఏముందో చదవమంది. టైం లేదన్నాను.

“ఏలు నాది, మాట నీదా బిడ్డా? సదివితే కాయితం అరిగిపోతదా?”

తప్పక మొదలుపెట్టాను. ఆమె తీరిగ్గా రొట్టె మీద రొట్టె తడుతూనే ఉంది. నా గొంతు విని చుట్టుపక్కల ఆడవాళ్లు వచ్చి నిలబడ్డారు. వీధిదీపాలు అయ్యాయి, బోరు మరమ్మతు అయింది. కాలనీలో మురుగునీళ్లకు మోరీ కట్టడం పూర్తి అని చదివేసరికి రొట్టె తట్టే చప్పుడు ఆగింది. ఏ మోరీ అని అడిగింది. ఆమె గడప ముందే మురికినీళ్లు నిలిచి బురదగా ఉంది. నేను దాన్ని దాటుకునే వచ్చాను.

“ఎన్ని మోరీలు కట్టిన చేతులివి. గీడ కట్టింది ఏడుందో సూపియ్యి, ఇప్పుడే ఏలు ఏస్త,” అంది. కోపంగా కూడా అనలేదు.

ఆమె వేయలేదు. ఆమెను చూసి ఆ వీధిలో ఇంకెవరూ వేయలేదు. రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. పని కాలేదని రాస్తే పెద్దలకు కోపం, అయిందని రాస్తే ఆ అబద్ధం కింద ఉండేది నా సంతకం. ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. చివరికి, మోరీ కట్టలేదని కాలనీవాళ్లు చెప్పారని, నేనూ చూశానని తీర్మానంలో రాశాను. పెద్దమనుషులు నాతో మాటలు మానేశారు. టీ పోయడం కూడా మానేశారు, అదే కొంచెం కష్టమైంది.

తర్వాత తనిఖీవాళ్లు వచ్చి పనులన్నీ టేపు పెట్టి కొలిచారు. నా రాత చూశారు. నా మీదికి ఏమీ రాలేదు. నేను చేరకముందే బిల్లు తీసుకున్న కాంట్రాక్టరు కిక్కురుమనకుండా వచ్చి మోరీ కట్టిపోయాడు. నువ్వు ముద్ర వేసి ఉంటే నా ఉద్యోగం పోయేదవ్వా అని చెబుదామని పరుగున వెళ్లాను. తాను అడిగింది నా నౌకరి కోసం కాదని, తన వాకిట్లో బురద కోసమని నవ్వింది.

అప్పటినుంచి సభ సంత రోజున పెట్టడం లేదు. కాలనీలోనే, కూలికి పోయినవాళ్లు తిరిగొచ్చే వేళకు పెడుతున్నాం. జమాఖర్చులు గోడ మీద రాయిస్తున్నాం, నేను పైకి చదువుతాను. అవ్వ ముందు వరసలో కూర్చునేది. ఒకసారి నిధుల మళ్లింపు అంటే ఏందని అడిగింది. ఒకదానికని వచ్చిన పైసలు ఇంకోదానికి వాడడమని చెప్పాను. గట్ల చెప్పక అంత పెద్ద మాటెందుకని నన్నే దెప్పింది.

ఆమె ముసలిదవుతున్న కొద్దీ నాకొక బెంగ పట్టుకుంది. ఆమె ఉన్నన్నాళ్లే ఈ అడగడం, ఆ తర్వాత నేను మళ్లీ సిరాడబ్బా పట్టుకుని తిరగాల్సిందే అనుకునేవాణ్ణి.

నిన్న అవ్వను సాగనంపి వచ్చాక, మరణ నమోదు కాగితం తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. అన్నీ నేనే నింపి, ఇక్కడ సంతకం పెట్టమ్మా అని కోడలికిచ్చాను. ఆమె కళ్లు తుడుచుకుని, కలం పక్కన పెట్టింది.

“జర సదివి చెప్పుండ్రి సారు.”

చదివాను. పేరు, వయసు సరిపోయాయి. వృత్తి దగ్గర, అలవాటు కొద్దీ, ‘లేదు’ అని రాసేశాను.

“మా అత్తకు పని లేకుండెనా? కూలి అని రాయుండ్రి.”

వాకిట్లో కూర్చున్న ఆడవాళ్లంతా నన్నే చూస్తున్నారు. తప్పయిందని చెప్పి, కొట్టేసి, ‘కూలి’ అని రాశాను. ఇన్నాళ్ల బెంగ అక్కడే దిగిపోయింది. అయినా కోడలు వెంటనే సంతకం పెట్టలేదు. కాగితం పక్కామెకిచ్చింది. అది ఒకరి చేతిలోంచి ఒకరి చేతికి పోతోంది. చదువొచ్చినవాళ్లు రానివాళ్లకు ఒక్కో మాట చూపించి చెబుతున్నారు. నేను నిలబడి ఎదురుచూస్తున్నాను.