సన్యాసి బండికి గజ్జెలు

బర్మాలోని తన్లిన్ రేవు పక్క గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడపడం సన్యాసి పని. దసరాకి ఆ బండికి పసుపు రాసి, బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించేదాకా దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వడు. బర్మా కూలీలు కూడా ప్రసాదానికి చేతులు చాపుతారు. ఇంత పూజలోనూ లోటు ఒక్కటే: వెనక్కి నడిచేటప్పుడు కుయ్యోమని అరవాల్సిన హారన్ అరవదు.

ఎందుకు అరవదంటే, సరుకెత్తే గట్టుకి సరిగ్గా పైనే, అందరూ ‘సయా’ అంటే అయ్యగారూ అని పిలిచే మేనేజరు ఊ తిన్ హ్లాయిన్ గారి గది. మధ్యాహ్నం కునుకు పడితేగానీ ఆయనకి కంపెనీ మీద ప్రేమ పుట్టదు. అందుకని హారన్ తీగ పీకించేశారు. గోడ మీద మాత్రం ‘భద్రతే మా ప్రాణం’ అని ఇంతింత బర్మా అక్షరాలతో రాయించారు. గోడ అరవదు కదా మరి!

సన్యాసికి అదే బెంగ. గట్టు మీద మూటలెత్తేవాళ్లలో చెల్లెలి కొడుకు సూరి ఉన్నాడు. అసలే బ్యాటరీ బండి, పిల్లిలా నడుస్తుంది. తామ్వే పేట అమ్మవారి పండక్కి తన కాళ్లకి కట్టుకునే గజ్జెలు తెచ్చి బండి వెనక కట్టాడు. బండి కదిలితే ఘల్లుమనేది, అందరూ తప్పుకునేవారు. మేనేజరు గారు కళ్లు నులుముకుంటూ దిగొచ్చి, ఇది గోదామా, గుడా అని గజ్జెలు విప్పించారు.

ఆ వారమే బండి చప్పుడు లేకుండా వెనక్కొచ్చి సూరి పాదం మీదెక్కింది. నడిపింది సన్యాసే. ఆ కేక చెవుల్లోంచి పోక, అతనికి ముద్ద దిగడం మానేసింది.

మేనేజరు గారే విచారణ జరిపి, మేనేజరు గారి తప్పేమీ లేదని తేల్చారు. తప్పంతా సూరి పాదానిదట, అడ్డొచ్చిందట! ఇకమీదట కూలీలే కాళ్లకి గజ్జెలు కట్టుకోవాలి. నిద్ర చెడకుండా చిన్నవే. "మీవాళ్ల ఆచారమేగా, కో సన్యాసీ," అని పేరుకి బర్మా మర్యాద తగిలించి నవ్వారు కూడా.

సన్యాసికి ఒళ్లు మండిపోయింది. తన గజ్జెలు పట్టుకుని మెట్లెక్కి, మేనేజరు కుర్చీ ముందు చతికిలబడి ఆయన కాలు పట్టుకున్నాడు.

"ఏం చేస్తున్నావయ్యా?"

"గజ్జె కడతన్నాను సయా. తమరూ కిందకొత్తారు కదా. తమరెవరో, సూరిగాడెవడో నా బండికేటి తెలుసు?"

మేనేజరు చటుక్కున కాళ్లు కుర్చీ మీదకి లాక్కున్నారు. "నేనింక కిందకి దిగను!"

"అయితే నానూ బండెక్కను," అని బండి తాళం బల్ల మీద పెట్టేశాడు.

లారీలు గేటుదాకా బారులు తీరాయి. దూరాన లైంగ్‌థార్యార్ పేట నుంచి పిలిపించిన డ్రైవరు సంగతంతా విని తాళం ముట్టుకోకుండా వెళ్లిపోయాడు. పొద్దువాలేలోపు హారన్ తీగ అతికించారు. పని కాసేపే పట్టింది.

సూరి కర్రల మీద గోదాముకి వచ్చిన రోజున బండి చెవులు చిల్లులుపడేలా అరుస్తోంది. మేడ మీద మేనేజరు చెవుల్లో దూది కుక్కుకుంటున్నారు. మేనల్లుణ్ని చూసి సన్యాసి బండి ఆపాడు.

"ఒక్క తీగ అతికిత్తే అయిపోయే పనేనేటి, మావా?" అన్నాడు సూరి.

"అంతేరా," అన్నాడు సన్యాసి, వాడి కాలి వైపు చూడలేక.