అమెరికా పాలోళ్లు

లాడ్ బజార్ వెనక గల్లీలో మా పుట్టింటిని ఇంటిపేరు చెప్పి అడిగితే ఎవరికీ తెలియదు. "అమెరికా పాలోళ్ల ఇల్లు" అంటే మాత్రం చిన్న పిల్లలు కూడా గుమ్మం దాకా తీసుకొచ్చి దిగబెడతారు. అమెరికాలో మాకు చుట్టాలు లేరు, పక్కాలు లేరు. మాకున్నవల్లా బర్రెలు, ఒకప్పుడు కొట్టం నిండా, ఇప్పుడు రెండు.

ఆ పేరు ఎట్లా వచ్చిందని అడిగితే మా బాపు కుర్చీలో సర్దుకుని కూర్చునేవాడు. వెనకటికి అమెరికాలో బానిసల విషయమై వాళ్లలో వాళ్లకే లడాయి జరిగిందట. అక్కడి పత్తి రాక ఇంగ్లండు మిల్లులు ఆగిపోయాయట. అప్పుడు బాపు వాళ్ల ముత్తాత ఎద్దుల బండ్లు కట్టి మన పత్తి తోలాడట. బాపు చెప్పే తీరు చూస్తే ఆ లడాయిని మా ఎద్దులే గెలిపించాయనిపించేది. ఏ పక్షాన్ని గెలిపించాయని అడిగితే, "మన పక్షాన్నే" అనేవాడు.

నేను నయాపూల్ కోర్టు దగ్గర టైపు చేసుకుని బతికేదాన్ని, సాక్ష్యం లేని మాట నా చెవికెక్కదు. బాపుతో కలిసి బడికెళ్లిన దోస్తు, పక్కింటి గాజుల చాచా ఇంకా మొండి. రోజూ చాయ్ దగ్గర, "ఏం భాయ్, మీ ఎద్దులకు అమెరికా పింఛన్ వచ్చిందా?" అని మొదలుపెట్టేవాడు. మొన్నటి ఎండాకాలంలో బాపుకు రోషం పొడుచుకొచ్చింది.

"ఐతారం మా వంశం చెప్పేటాయన వస్తుండు. ఆయన నోట ఇను. అబద్ధమైతే ఇగ అమెరికా మాట ఎత్త."

మా గొల్లవాళ్లకు వంశం చెప్పడానికి వేరే కులమే ఉంది. కొన్నేళ్లకోసారి వస్తారు. కాగితం ఉండదు, అంతా నోటికే. బియ్యం, ధోతి ముందు పెడితే మూలపురుషుడి దగ్గర ఎత్తుకుని, ఇంట్లో ఆఖరున పుట్టిన మగపిల్లాడి దాకా పాడతారు. ఆ పాటలో ఉన్నవాడే మా లెక్కలో పుట్టినవాడు.

ఆదివారం నేను సంతోష్‌నగర్‌లోని మా ఇంటి నుంచి వచ్చేసరికి వాకిట్లో చాప పరిచి ఉంది, చాచాకు కుర్చీ వేసి ఉంది, బాపు ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు. వచ్చినాయన గొంతు సవరించుకుని తాతలను, మందలను, వాగులను దాటుకుంటూ వచ్చి, "అమెరికా లడాయినాడు పత్తి బండ్లు తోలిన పెద్దయ్యా" అన్నాడు. అప్పుడు బాపు చాచా వైపు చూసిన చూపును కేసు గెలిచినవాళ్ల మొహాల్లో కూడా నేను చూడలేదు.

నేను నోరు మూసుకుంటే సరిపోయేది. "ఈ పత్తి ముక్క మీ తాతల కాలం నుంచి ఉన్నదా?" అని అడిగాను.

"లేదు బిడ్డా," అన్నాడాయన. "పోయినసారి మీ బాపే కలుపుమన్నడు. ఫోన్ల చూసిండట. ధోతి పెట్టినంక కలపకుంటె మంచిగుంటదా?"

చాచా పడీపడీ నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. బాపు తల వంచుకుని చొక్కా గుండీ తిప్పుకుంటున్నాడు. నాకు చాలా జాలేసింది.

"ఇగ చాలు భాయ్," అన్నాడు చాచా మెల్లగా. "బిడ్డకు చెప్పు. అమ్మ కలిపిన పాలు నేను గూడ తాగిన."

సంగతి ఇదీ. వాళ్లిద్దరి చిన్నప్పుడు బీద దేశాల పిల్లల కోసం అమెరికా పాలపొడి పంపేది. గల్లీ బడికీ బస్తాలు వచ్చేవి. తాత పోయి, బర్రెలు వట్టిపోయి, ఇల్లు గడవక మా నానమ్మ ఆ పొడి కలిపి పోసే పనికి కుదిరింది. పాలలో నీళ్లు కలిపారంటేనే తల తీసేసినట్టుండే ఇంట్లో, కోడలు ఏకంగా నీళ్లలోనే పాలు కలిపింది. గల్లీ పగలబడి నవ్వి మాకు పేరు పెట్టింది. అమెరికా చరిత్రలో మా వంశం పాత్ర ఒక గరిటె.

"గిలాస పట్టుకొని లైన్ల పోయేటోన్ని," అన్నాడు బాపు. "ఆమె ఎవరో ఎరగనట్టు నిలవడేటోన్ని. అయినా నాకు నిండ పోసేది."

తర్వాత బాపు వంశం చెప్పేటాయన వైపు తిరిగాడు.

"ఆ పత్తి తీసెయ్యి. మా అమ్మను పెట్టు."

"ఆడోళ్లు వంశంల రారు పటేలా."

బాపు లోపలికి వెళ్లి, తన కోసం దాచుకున్న కొత్త ధోతి తెచ్చి మొదటిదాని మీద పెట్టాడు. ఆయన రెండు ధోతులనూ చూశాడు, మళ్లీ గొంతు సవరించుకున్నాడు.

"పొడి పాలు గూడ చెప్పాల్నా?"

"అదే ముందు చెప్పు."

"సరే. పేరేంది ఆమెది?"

చాచాకు ఆమె అమ్మ. నాకు నానమ్మ. గల్లీకి అమెరికా పాలామె. బాపు ఆమె పేరు చెప్పాడు. నాకు యాభై దాటాయి. మా నానమ్మ పేరు వినడం నాకు అదే మొదటిసారి.