మావు పరుగు

ఆళ్లగడ్డలో యెషయా పెళ్లి ఊరేగింపులకు గుర్రాన్ని తీసుకెళ్లేవాడు. కూతురు బ్లెస్సీ నడక నేర్చిన కొత్తలోనే ఆమెను గుర్రం మీద కూర్చోబెట్టాడు. నంద్యాలలో డిగ్రీ చదివి ఓ ప్రైవేటు బడిలో తెలుగు పంతులమ్మ అయినా, ఆమె స్వారీ మానలేదు.

ముసలి గుర్రం పోయాక యెషయా ఒక ఎర్ర ఆడగుర్రాన్ని తెచ్చాడు. బక్కచిక్కి ఉంది. డప్పు వినబడితే వణికిపోయేది. పెళ్లిళ్లకు పనికిరాదని ఎవరో వదిలించుకున్నారు.

"పేరు పెట్టుమ్మా."

"మావు."

"మావేందీ? కన్నడమోళ్లు మామిడిపండును గదా అట్లంటారు!"

బ్లెస్సీ నవ్వింది. "అది వేరే నాయనా. పాత తెలుగులో మావంటే గుర్రమే. తమిళంలో 'మా' అంటే జంతువు, గుర్రాన్ని గూడా అంటారు. అశ్వం, తురగం సంస్కృతం నుంచి వచ్చినాయి. ఇది మన మాటే. నిఘంటువులో ఉంది గానీ ఎవరూ పలకరు."

"అయితే మనం పలుకుదాం లే," అన్నాడు యెషయా.

తెల్లవారుజామున బ్లెస్సీ దాన్ని బీడు భూముల్లో పరుగెత్తించేది. సాయంత్రం చర్చిలో డప్పులతో పాటలు సాధన చేస్తుంటే బయట దాని మెడ నిమురుతూ నిలబడేది. కొన్నాళ్లకు డప్పు మోగుతున్నా అది ప్రశాంతంగా గడ్డి మేయసాగింది.

ఈ ఏడాది ఊరి బయట గుర్రప్పందేలు పెట్టారు. నిర్వాహకుడు మహేశ్వర్ బ్లెస్సీని చూసి ముఖం చిట్లించాడు.

"ఆడపిల్లలు యాడన్నా పందెం ఎక్కుతారా? మీ నాయన్ని ఎక్కమను."

"నాయనకు మోకాళ్ల నొప్పులన్నా. దీనికి నేర్పింది నేను. ఎక్కేదీ నేనే."

ఆడవాళ్లు ఎక్కకూడదన్న నియమం ఏదీ లేకపోవడంతో ఆయన పక్కకు జరిగాడు. పేరు మైకులో వినగానే జనం గొల్లుమన్నారు. "మామిడిపండు వచ్చిందప్పో!"

పందెం మొదలైంది. ఉయ్యాలవాడ నుంచి వచ్చిన నల్లగుర్రం ముందుకు దూసుకుపోయింది. మలుపు దగ్గర ఒక్కసారిగా డప్పులు మోగాయి. నల్లగుర్రం బెదిరి పక్కకు ఒరిగింది. మావు చెవులు మాత్రమే కదిలాయి. బ్లెస్సీ దాని మెడ మీదికి వంగి, "పా మావూ, పా!" అంది. ఆ ఎర్రని శరీరం బాణంలా సాగింది. గీత దాటాక గానీ వెనక ఎవరూ లేరని ఆమెకు తెలియలేదు.

యెషయా పేరుకు అర్థం చెప్పగానే మహేశ్వర్ మైకు అందుకున్నాడు. "గెలిచింది మావు! మావంటే గుర్రమప్పా, అచ్చ తెలుగు గుర్రం! ఎక్కింది మన బ్లెస్సీ!"

తిరిగి వచ్చేటప్పుడు యెషయా ఆటో పిలవబోయాడు. బ్లెస్సీ ఒప్పుకోలేదు. తండ్రిని జీను మీద కూర్చోబెట్టి, కళ్లెం పట్టుకుని బజారులోంచి నడిచింది. టీ కొట్ల ముందు జనం లేచి నిలబడ్డారు.

"గబగబా పోవద్దుమ్మా," అన్నాడు యెషయా, నడుము నిటారుగా చేసుకుంటూ. "అందరినీ చూడనీ."