తిరిగి వస్తానన్నందుకు సాక్ష్యం

స్నేహితురాళ్లతో కలిసి సింగపూర్ చూసి రావాలని పర్యాటక వీసాకు సిద్ధమయ్యాను. ఖర్చులకు తానే పూచీ అని మా నాన్న ఇవ్వవలసిన లేఖను బళ్లారిలో వీసా ఏజెంటు దుకాణంలో టైపు చేయించారు. ఆధారం లేని వాక్యాన్ని ఊరికే వదలకూడదని కాలేజీ డిబేట్లలో నేర్చుకున్నదాన్ని కనుక, దాఖలు చేసేముందు అక్కడే దాన్ని పూర్తిగా చదివాను. వైశాఖంలో నా పెళ్లి నిశ్చయమైందని, అందువల్ల తప్పక తిరిగి వస్తానని రెండో పేరాలో ఉంది.

“వీసా కోసం అబద్ధం ఎందుకు నాన్నా? ఈ మాట తీసేయించు,” అన్నాను.

ఏజెంటు నవ్వాడు. “ఉండనీమ్మా. ఎనక్కి వస్తావనేదానికి ఇంతకన్నా గట్టి కారణం యాడ దొరుకుతాది?”

నాన్న నా వైపు చూడకుండా పెన్నుకు మూత పెట్టారు. “అబద్ధం యాడ రాయించినానమ్మా? చోరనూరు సంబంధమోళ్లకు మొన్ననే మాటిచ్చినా. నువ్వు ప్రశ్నలేస్తావని, పోయొచ్చినాక చెప్దామనుకొంటి.”

నా పెళ్లి సంగతిని ముక్కూ మొహం తెలియని పరదేశపు అధికారికి చెప్పదలిచారు, నాకు చెప్పదలచలేదు.

ఆ లేఖను నేను దాఖలు చేయలేదు. చేసి ఉంటే ఆ వాక్యానికి నేనూ సాక్షినయ్యేదాన్ని.