పెళ్ళికారుకు డ్రిప్పు పైపు

ఇరవై ఏళ్ళనాటి మాట. తళిలో మాకు గులాబీ తోట ఉండేది. మామగారి పాత అంబాసిడర్‌ను తన చెల్లెలి పెళ్ళికి కొత్తదానిలా చేస్తానని మావారు పూనుకున్నారు. కిటికీ అద్దాల చుట్టూ రబ్బరు పగిలిపోయి ఉంది. హోసూరులో కొత్తది దొరుకుతుందన్నాను.

"దానికి హోసూరు పోవల్లా? తోటలో డ్రిప్పు పైపు పడి ఉండాది కదా!" అని, దాన్నే నిలువునా చీల్చి బిగించారు.

పెళ్ళికూతురితో డెంకణికోటకు బయల్దేరాం. దారిలో వాన. మొక్కమొక్కకూ నీళ్ళిచ్చే ఆ చిల్లులు మనిషిమనిషికీ ఇచ్చాయి. అత్తగారి కొప్పు, నా పట్టుచీర, పెళ్ళికూతురి కాటుక, దేనికీ లోటు చేయలేదు.

మంటపం దగ్గర వియ్యపురాలు, "ఏమమ్మా, నడిచి వచ్చినారా?" అన్నది.

"లేదమ్మా, మన కారులోనే!" అన్నారు మావారు గర్వంగా.

అప్పగింతలప్పుడు మా ఆడపడుచు ఏడ్చిన ఏడుపు మరువలేను. అత్తవారింటికి అదే కారులో దింపుతానని ఆయన అప్పుడే చెప్పారు.